డబ్బాలో గింజలు

నేను దిగిన రోజున వాన.
ఆ ఏడు కరువట, అదే తొలివాన.
రాతిగోడల క్లినిక్ ముందు
ఉన్ని దుప్పట్లు కప్పుకున్న ఆడవాళ్లు
తడుస్తూ నిలబడి నవ్వుతున్నారు.
నా పేరు వాళ్ల నోటికి పట్టలేదు.
పులెంగ్ అన్నారు. వానలో వచ్చినది.
వానను తెచ్చింది నేను కాదని చెప్పబోయి ఊరుకున్నాను.
తేరగా దొరికిన మర్యాదను ఎవరు కాదంటారు?

లెసోతో. దేశమంతా కొండే.
ఇక్కడి పల్లం కూడా నేనెరిగిన ఏ గుట్టకన్నా ఎత్తు.
కందకు లేని దురద కత్తిపీటకెందుకే అంది మా మేనత్త.
కత్తిపీట విమానమెక్కింది.
పెట్టెలో మైక్రోస్కోపు, రెండు జతల మేజోళ్లు,
ఎవరికో ఏదో చేసిపెడతానన్న పొగరు.
కస్టమ్స్ వాళ్లు మైక్రోస్కోపు గురించే అడిగారు.

కరెంటు లేని రోజుల్లో కిటికీ పక్కన కూచుని
చిన్న అద్దం తిప్పి
సూర్యుణ్ణి గాజుపలక కిందికి పట్టేదాన్ని.
కఫం పూసిన పలక.
నీలం నేల మీద ఎర్రటి సన్నపుల్లలు.
ఒకటి. మూడు. ఆపైన లెక్కపెట్టలేదు.
పేరు మొయెకెత్సి, వయసు పద్నాలుగు,
వృత్తి అన్నచోట ఎవరో రాశారు: గొర్రెలు.

వాడు ఊళ్లో లేడు. మందతో పైన,
గుర్రం మీద మూడు గంటల దూరం.
లెబెకో పెద్దాయన జీను బిగించాడు గాని
కళ్లెం నా చేతికివ్వలేదు.
"దానికి దారి తెలుసు. నువ్వు చెప్పకుండా ఉంటే చాలు."
చెప్పకుండా ఉండటం
ఇక్కడ నాకు అన్నిటికన్నా ఆలస్యంగా పట్టుబడిన విద్య.

లోయ అంచున రాళ్లు జారుతుంటే కళ్లు మూసుకున్నాను.
తెరిచేసరికి గుడిసె, పొగ, ముగ్గురు పిల్లలు,
మెడ దగ్గర దుప్పటిని పిన్నుతో బిగించుకున్న వాడు.
నన్ను చూసి దగ్గు ఆపుకున్నాడు.
ముందు నాకు తిండి పెట్టారు, మొక్కజొన్న సంకటి.
దాన్ని పాపా అంటారు.
మా భాషలో పాపంటే పసిపిల్ల అని చెప్తే
నవ్వి నవ్వి వాడికి దగ్గు తెర వచ్చింది.
అందరం నవ్వు ఆపి వాణ్ణే చూశాం.

అప్పుడు చెప్పాను. చాలానే చెప్పాను.
రోజూ మింగాలి, ఒక్కపూటా తప్పకూడదు, ఆరు నెలలు.
వాడు వేళ్లు ముడుస్తూ లెక్కేసి అడిగాడు:
"ఆరో నెలలో నువ్వుంటావా?"
అంత ఎత్తులో అబద్ధానికి ఊపిరి చాల్లేదు.
ఆరు నెలల మందు.
నాలుగు నెలల నేను.

కిందికి దిగి అమ్మమ్మ దగ్గర చేరాడు.
మామొకెటెకి చదువు రాదు.
రంగు పెన్నులతో చార్టు గీసి గోడకు అంటించాను.
తలూపింది. గాలికి అది ఊడి పడితే
మడిచి పొయ్యి రాజేసింది.
ఆమెకి రెండు బేకింగ్ పౌడర్ డబ్బాలున్నాయి.
ఒకదాంట్లో నూట అరవై ఎనిమిది మొక్కజొన్న గింజలు.
పొద్దున వాడు మాత్ర మింగాక
నోరు తెరిపించి, నాలుక ఎత్తించి చూసి,
ఒక గింజ ఇటునుంచి అటు.
"ఎవరు నేర్పారు?" అన్నాను.
"మా ఆయనకి గనుల్లో వచ్చింది. ఆయన లెక్క సగంలో ఆగింది.
వీడి తల్లిది పూర్తయింది.
ఇప్పుడు పట్నంలో జీన్సు ప్యాంట్లు కుడుతోంది."
చార్టు గురించి మేమిద్దరం మళ్లీ మాట్లాడుకోలేదు.

నేను వెళ్లే పొద్దున మంచు.
నా భుజాల మీద దుప్పటి కప్పి
ఎవరో పొడుగ్గా ప్రసంగించారు, సగమే అర్థమైంది.
నేను డబ్బాలకేసి చూస్తున్నాను.
నూట తొమ్మిది అటు. యాభై తొమ్మిది ఇటు.
ఆ రోజుకి గింజ నా చేతికిస్తుందేమో అనుకున్నాను.
ఇవ్వలేదు. తనే వేసింది.
రేకు మీద చిన్న చప్పుడు.

మొయెకెత్సి నోరు తెరిచాడు,
ముందు ఆమెకి, తర్వాత నాకు.
అలవాటు కొద్దీ వంగి చూశాను.
మాత్ర లేదు.
బాగా వెనక, చిగురు చీల్చుకుని
ఒక పన్ను కొత్తగా మొలుస్తోంది.